‘ఏ పచ్చ అక్కా?’ – ల్యాబ్ రిపోర్ట్ రాసిన నా అనుభవం

ఎమ్మెస్సీ సైకాలజీ మొదటి ఏడాదిలో నా రూమ్మేట్, నేను కలిసి స్ట్రూప్ ప్రయోగం చేశాం. ప్రయోగం రెండు సాయంత్రాల్లో అయిపోయింది. రిపోర్టులో మెథడ్ (ఎలా చేశాం), రిజల్ట్స్ (ఏం వచ్చింది) అనే రెండు భాగాలు రాయడానికి మాత్రం దాదాపు మూడు వారాలు పట్టింది. అన్నిటికంటే తేలిక అనుకున్న భాగాలు అవే.

‘ఎరుపు’ అనే మాటను నీలం సిరాతో ప్రింట్ చేసి, మాట చదవకుండా సిరా రంగు చెప్పమంటారు. నోరు ‘ఎరుపు’ అనబోయి తడబడుతుంది. అమెరికాలో జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించిన ప్రయోగం ఇది. 100 రంగు గళ్ల పేర్లు చెప్పడానికి ఆయన విద్యార్థులకు సగటున 63.3 సెకన్లు పడితే, మాట ఒకటి రంగు ఒకటి అయిన 100 మాటల సిరా రంగులు చెప్పడానికి 110.3 సెకన్లు పట్టింది. మేం దాన్నే తెలుగులో చేశాం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు అనే నాలుగు మాటలు, కార్డుకు 40 చొప్పున. ఒక కార్డులో మాట, రంగు ఒకటే. ఇంకో దాంట్లో వేరు. హాస్టల్లో 24 మందిని కూర్చోబెట్టి ఫోన్ స్టాప్‌వాచ్‌తో టైం చూశాం.

డిగ్రీలో మా రికార్డులు ఒకే మూసలో ఉండేవి. ‘సబ్జెక్టును సౌకర్యంగా కూర్చోబెట్టాలి, సూచనలు ఇవ్వాలి, తప్పులు నమోదు చేయాలి.’ సబ్జెక్టు అంటే ప్రయోగంలో పాల్గొనే మనిషి. సీనియర్ల రికార్డు చూసి దించేవాళ్లం. మెథడ్ కూడా అదే అలవాటులో రాసి తీసుకెళ్లాను. మేడమ్ మొదటి పేరా చదివి ఒక్కటే అడిగారు. “చేయాలి సరే. మీరు చేశారా?”

ఆ ప్రశ్నతో కూర్చుని ప్రతి వాక్యం చూస్తే, చేయనివి చాలా కనిపించాయి. ‘24 మందిని రాండమ్‌గా ఎంపిక చేశాం’ అని రాశాను. రాండమ్ అంటే లాటరీలా, ఎవరు వస్తారో మన చేతిలో లేకుండా. నిజానికి ఆ సాయంత్రం కారిడార్‌లో ఖాళీగా దొరికిన వాళ్లను బతిమాలి తెచ్చుకున్నాం. అందులో సగం మంది మా ఫ్లోర్ వాళ్లే. ‘కార్డుల వరస రాండమ్‌గా మార్చాం’ అన్నదీ నిజం కాదు. వచ్చిన వరసలో ఒకరికి మొదట ఈ కార్డు, తర్వాతి వాళ్లకు మొదట ఆ కార్డు ఇచ్చాం. వరస మార్చడం మంచి పనే, దానివల్ల అలవాటు ప్రభావం రెండు కార్డుల మీదా సమానంగా పడుతుంది. కానీ అది రాండమ్ కాదు, ఒకటి విడిచి ఒకటి. ‘రాండమ్’ అన్న మాట వినడానికి శాస్త్రీయంగా ఉంటుందని చేయి దానంతట అదే రాసేసింది. రెండు చోట్లా కొట్టేసి జరిగింది జరిగినట్టు రాశాను. వాక్యాలు చిన్నవయ్యాయి, నాకు మనసు కుదుటపడింది.

అసలు చిక్కు పచ్చ దగ్గర వచ్చింది.

రెండో సాయంత్రం ఒక జూనియర్ కార్డు చేతిలోకి తీసుకుని, మొదలుపెట్టక ముందే అడిగింది. “ఇది పచ్చ అనాలా, ఆకుపచ్చ అనాలా? మా ఇంట్లో పచ్చ అంటే పసుపే. ఏ పచ్చ అక్కా?” మాకు నవ్వొచ్చింది, నీకెలా వస్తే అలా చెప్పమన్నాం. అప్పటికే ముందు రోజు ఇద్దరు ఆకుపచ్చ రంగును ‘పచ్చ’ అని, ఒకమ్మాయి పసుపు రంగును ‘పచ్చ’ అని చెప్పారు. అందరికీ రైటే వేశాం. ఇంకో ఐదుగురు మాట, రంగు వేరుగా ఉన్న కార్డు సగంలో ‘రెడ్, బ్లూ, గ్రీన్’ అనడం మొదలుపెట్టారు. రోజూ మాట్లాడేటప్పుడు రంగుల పేర్లు మనకు ఇంగ్లీషులోనే ముందు వస్తాయి కదా. దానికీ రైటే వేశాం. ఇవేవీ మెథడ్‌లో రాయలేదు.

మేడమ్ మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో ‘ఏ భాషలో చెప్పారు?’ అని రాశారు. అప్పుడు తెలిసింది ఇది చిన్న విషయం కాదని. మాట ఒక భాషలో ఉండి జవాబు ఇంకో భాషలో చెబితే తడబాటు సాధారణంగా తగ్గుతుంది. అంటే ఆ ఐదుగురు మిగతా వాళ్లు చేసిన పని చేయనే లేదు. అదృష్టం కొద్దీ నా రూమ్మేట్ స్కోరు కాగితం అంచున పెన్సిల్‌తో ‘ఇంగ్లీష్’ అని టిక్కులు పెట్టింది. ఆ కాగితం లేకపోతే ఎవరేం చెప్పారో మాకు గుర్తుండేది కాదు.

ఐదుగురినీ తీసేద్దామన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. “లెక్క చూశాక తీసేస్తే మీకు నచ్చిన జవాబు కోసం తీశారో, కారణం ఉండి తీశారో చదివేవాళ్లకు ఎలా తెలుస్తుందమ్మా? రెండు రకాలుగా లెక్క చేయండి, రెండూ రాయండి.” అలాగే చేశాం. ఏ జవాబును సరైనదిగా తీసుకున్నామో, ఏ నియమం ముందే పెట్టుకోలేదో మెథడ్‌లో చెప్పేశాం. స్ట్రూప్ తన పేపర్లో పసుపును ఎందుకు వదిలేశారో కూడా రాశారు. ఆ రంగు అక్షరాలు మిగతా రంగులంత గట్టిగా కనబడేలా ప్రింట్ చేయడం కష్టమట. మా జిరాక్స్ షాపు ప్రింటులోనూ పసుపు అక్షరాలే వెలిసినట్టు వచ్చాయి. అదీ చేర్చాను.

రిజల్ట్స్‌కు వచ్చేసరికి టెన్షన్ లెక్కల గురించే అనుకున్నాను. అవే మనుషులు రెండు కార్డులకు తీసుకున్న సమయాల తేడాను పరీక్షించే పెయిర్డ్ టీ టెస్ట్‌ను ఎస్‌పీఎస్‌ఎస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ చేసి పెట్టింది. ఇబ్బంది నా రాతలో ఉంది. ‘చదవడం మనకు అసంకల్పితం కాబట్టి మాట, రంగు వేరైన కార్డుకు ఎక్కువ సమయం పట్టింది’ అని మొదలుపెట్టాను. ‘కాబట్టి’ వచ్చిందంటే అది ఫలితాలకు అర్థం చెప్పే డిస్కషన్ భాగంలోకి వెళ్లాలి. రిజల్ట్స్‌లో ముందు రెండు కార్డుల సగటు, సమయాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్, ఆ తర్వాత టెస్ట్, తేడా ఎంత పెద్దదో చెప్పే కోహెన్ డీ. టీ పక్కన బ్రాకెట్లో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అనే అంకె ఉంటుంది, 24 మందికి 23, ఆ ఐదుగురు లేకుండా 18. మనుషుల సంఖ్య కంటే ఒకటి తక్కువ. ఆ అంకె చూసి ఎంతమంది డేటా లెక్కలోకి వచ్చిందో ఎవరైనా చెప్పేయొచ్చు.

నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా కనిపించే సంభావ్యతను పీ విలువ అంటారు. స్క్రీన్ మీద అది .000 అని కనిపిస్తే అలాగే ఎక్కించాను. పీ ఎప్పుడూ సున్నా కాదు, మూడు స్థానాల వరకే చూపిస్తోంది కాబట్టి అలా కనబడుతుంది. .001 కంటే తక్కువ అని రాయాలి. టేబుల్‌లో ఇచ్చిన అంకెలన్నీ కింద పేరాలో మళ్లీ రాశాను, అవి కొట్టేశాం. ఒక్క ప్రయోగంతో నిరూపించలేం కాబట్టి ‘నిరూపించాం’ అన్న మాటా పోయింది.

తర్వాతి ఏడాది జూనియర్లు మా మెథడ్ చూసి అదే ప్రయోగం మళ్లీ చేశారు. మొదలుపెట్టే ముందు ఒకమ్మాయి ఫోన్ చేసింది. “కార్డు కళ్లకు ఎంత దూరంలో పెట్టారక్కా? ఎక్కడా లేదు.” మేం పెట్టలేదు, ఎవరికి వాళ్లు చేతిలో పట్టుకుని చూశారు, దూరం కొలవలేదు. ఆమెకు అదే చెప్పాను. ఫోన్ పెట్టేసి ఫైల్ తెరిచి, ప్రొసీజర్‌లో మూడో వాక్యం తర్వాత ఆ మాట చేర్చాను.