యాభై డాలర్ల బేరం, ఒక గిటార్

'టెన్ థింగ్స్ ఐ హేట్ అబౌట్ యూ' (1999)లో ప్రేమకథ మొదలయ్యేది బేరంతో. డబ్బున్న జోయికి బియాంకా మీద కన్నుంది. కానీ అక్క క్యాట్ ఎవరితోనైనా బయటికెళ్తే తప్ప చెల్లిని పంపనని వాళ్ల నాన్న రూలు పెట్టాడు. క్యాట్ జోలికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. దాంతో జోయి, స్కూలంతా జడిసే ప్యాట్రిక్‌ని కిరాయికి మాట్లాడుకుంటాడు. ప్యాట్రిక్ వెంటనే వేళ్ల మీద లెక్క కడతాడు: సినిమాకి ఇంత, పాప్‌కార్న్‌కి ఇంత, మొత్తం 75 డాలర్లు. చివరికి 50కి తెగుతుంది.

పెద్దదాని సంగతి తేలందే చిన్నదాని మాట ఎత్తకూడదన్న రూలు మన ఇళ్లలో కొత్తా? ఇది షేక్‌స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ' నుంచి వచ్చింది. ఆ నాటకం ఛాయలు మన 'గుండమ్మ కథ' (1962)లోనూ, జమున వేసిన సరోజ పాత్ర చుట్టూ కనిపిస్తాయి. అయితే నాటకంలో మొగుడు పెళ్లాన్ని తిండి పెట్టకుండా, నిద్రపోనివ్వకుండా లొంగదీస్తాడు. 'టెన్ థింగ్స్' ఆ తూకాన్ని తిరగేసింది. ఇక్కడ అబ్బాయి దిగిరావాలి.

టీన్ లవ్ కామెడీల ఆకర్షణ అంతా అందమైన మొహాల్లో, పాటల్లో ఉందనుకుంటారు. నన్నడిగితే అసలు సరుకు పరువు. పదిహేడేళ్ల వాడికి ఆస్తి లేదు, ఉద్యోగం లేదు. వాడి దగ్గర ఉన్నదల్లా క్లాసులో పరువొక్కటే. అది పణంగా పెట్టకుండా వాడు చెప్పే 'ఐ లవ్ యూ'కి విలువ లేదు. అందుకే ఈ సినిమాలు ముందు పది నిమిషాల్లో స్కూలు మ్యాపు గీసి చూపిస్తాయి: ఎవరు ఏ గుంపులో తిరుగుతారు, ఎవరి మాట చెల్లుతుంది, ఎవర్ని చూసి నవ్వుతారు. ఇందులో కొత్తగా చేరిన క్యామెరన్‌కి ఒక కుర్రాడు ఆవరణంతా తిప్పి ఆ పని చేస్తాడు. ఈ మ్యాపు లేకపోతే తర్వాత ఎవడు ఎంత పోగొట్టుకున్నాడో ప్రేక్షకుడికి తెలియదు.

స్టేడియం మెట్ల మీది పాట చూడండి. అలిగిన క్యాట్ మైదానంలో ఉంటుంది. స్పీకర్లలో ప్యాట్రిక్ గొంతు వినిపిస్తుంది. స్కూలు బ్యాండ్‌కి ముందే డబ్బిచ్చి మాట్లాడిపెట్టుకున్నాడు. మెట్ల మీద గెంతుతూ పాడతాడు, సెక్యూరిటీ వాళ్లు వెంటపడతారు. వాడు పాట బాగా పాడి ఉంటే సీను చచ్చిపోయేది. ఎవరికీ చిక్కని మొరటోడన్న పేరు అందరి ముందూ పోగొట్టుకున్నాడు కాబట్టే ఆమె నవ్వుతుంది. తర్వాత వాణ్ని డిటెన్షన్ (శిక్షగా స్కూల్లోనే కూర్చోబెట్టడం) నుంచి తప్పించడానికి ఆమె కూడా సిగ్గు విడిచి ఒక పని చేస్తుంది. లెక్క సమానం. ఒకవైపే పరువు పోతూ ఉంటే అది కామెడీ కాదు, వేధింపు. మన సినిమాల్లో అమ్మాయి వెంటపడే సీన్లు చాలావాటికి తెగులు అదే.

రెండో ముఖ్యమైన భాగం అబద్ధం, అంటే కిరాయికి వచ్చిన సంగతి దాచడం. అది ప్రామ్ (జంటలుగా వెళ్లే స్కూలు డాన్స్ పార్టీ) రాత్రే బయటపడాలి. ముందే బయటపడితే ఆఖరి అరగంటకి సరుకుండదు, మరీ ఆలస్యమైతే క్షమాపణకి చోటుండదు. గంటన్నర సినిమా కదా.

అదే ఏడాది వచ్చిన 'షీ ఈజ్ ఆల్ దట్'లో మేకోవర్ తేలిపోయింది. కళ్లజోడు తీసి జడ విప్పితే అందగత్తె అయిపోయిందంటే, మొదటి నుంచీ అందగత్తే కదా! కానీ ఆ అమ్మాయిని ప్రామ్ క్వీన్‌ని చేస్తానన్న పందెం ఓడిన హీరో, పట్టా పుచ్చుకునే రోజు ఒంటి మీద నూలుపోగు లేకుండా ఫుట్‌బాల్ అడ్డం పెట్టుకుని రావడం మాత్రం లెక్కకి సరిపోయింది.

'ప్రెట్టీ ఇన్ పింక్' (1986) కథ వేరు. మొదట తీసిన ముగింపులో హీరోయిన్ ఆండీ, తన కోసం నలుగురిలో నవ్వులపాలైన స్నేహితుడు డకీతోనే ఉంటుంది. విడుదలకి ముందు వేసిన టెస్ట్ షోలో జనం ఒప్పుకోలేదు. డబ్బున్న బ్లేన్‌తో కలిపి మళ్లీ తీశారు. అప్పటికి ఆ వేషం కట్టిన ఆండ్రూ మెకార్తీ నాటకం కోసం గుండు చేయించుకున్నాడు, అందుకే విగ్గుతో కనిపిస్తాడు. పరువు ఖర్చు పెట్టినవాడికి పిల్ల దక్కకపోవడం అన్యాయమే, కానీ జనం అడిగింది అది.

మనకు ప్రామ్ లేదు. కె. విజయభాస్కర్ తీసిన 'నువ్వే కావాలి' (2000) మలయాళం 'నిరం'కి రీమేక్. అందులో పందెమూ లేదు. చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగిన ఇద్దరు నోరు విప్పరు, ఈలోపు అమ్మాయికి వేరే సంబంధం వస్తుంది. గడువు ఆ పెళ్లి. పణం క్లాసులో పరువు కాదు, రెండిళ్ల మధ్య స్నేహం. అందుకే తెలుగులో ఈ కథలకి తల్లిదండ్రులు, బామ్మలు తప్పనిసరి. నిడివి కూడా పెరుగుతుంది.

'టెన్ థింగ్స్' రెండోసారి చూసేటప్పుడు ఆ కిరాయి డబ్బు ఎటు పోతోందో గమనించండి. చివర్లో క్యాట్ కారులో ఒక గిటార్ ఉంటుంది. చేసిన ప్రతి తప్పుకీ గిటార్ కొనిచ్చి సరిపెట్టలేవంటుంది ఆమె. డ్రమ్స్ ఉన్నాయిగా, బేస్ గిటార్ ఉందిగా అంటాడు ప్యాట్రిక్.