యంత్రం వచ్చాక పాట ఎటు వెళ్ళింది

అమెరికా తూర్పు తీరంలోని నార్త్ కరోలినా, వర్జీనియా రాష్ట్రాల్లో, నూనె కోసమూ ఎరువు కోసమూ మెన్‌హాడెన్ అనే చేపను పట్టిన నల్లజాతి మత్స్యకారుల పాటలను నేను తరచుగా వింటుంటాను. రెండు చిన్న పడవలు రింగువలతో చేపల గుంపును చుట్టుముట్టాక, బరువెక్కిన ఆ వలను మనుషులే చేతులతో పైకి లాగవలసి వచ్చేది. ఒకరు పాదం ఎత్తుకుంటే మిగిలినవారు గొంతు కలిపేవారు. పాదానికీ పాదానికీ నడుమ దొరికే విరామంలో అందరూ ఒక్కుమ్మడిగా లాగేవారు. అంటే అసలు పని జరిగింది పాట ఆగిన క్షణాల్లోనే. భక్తి, ఇంటి మీద బెంగ, అధికారుల మీద ఎత్తిపొడుపు, అన్నీ ఆ పాదాల్లో కలిసిపోయి ఉంటాయి.

1950ల నుంచి వల లాగే పనిని పవర్ బ్లాక్ అనే యంత్రం చేపట్టడంతో ఆ పాటలకు పడవ మీద చోటు లేకుండా పోయింది. అయినా నార్త్ కరోలినాలోని బ్యూఫోర్ట్ పట్టణంలో పదవీ విరమణ చేసిన కొందరు మత్స్యకారులు 1988లో మళ్ళీ బృందంగా చేరి, 1990లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో పాడారు. వేదిక మీద లాగడానికి వల ఉండదు కనుక, అక్కడ ఆ పాటలో సగమే వినిపించి ఉంటుందని నా అనుమానం.

పడమటి తీరంలో, కొలంబియా నది సముద్రంలో కలిసే ఆస్టోరియాలో, 1998 నుంచి ఫిబ్రవరి మాసాంతంలో మత్స్యకారుల కవిసమ్మేళనం జరుగుతోంది. చేపలవేట వృత్తిలో పనిచేసినవారే అక్కడ సొంత కవితలు చదువుతారు, పాటలు పాడతారు. ఇంజిన్ హోరులో బృందగానం సాధ్యం కాకపోయినా, కాపలా వేళ ఒంటరిగా మేలుకున్న మనిషికి కవిత అల్లుకునే తీరిక ఇంకా మిగిలే ఉంది.