నల్ల గింజ పసిడి రంగు

స్క్రూ ఇంకాస్త బిగించానో లేదో, మైక్రోస్కోప్ కింద నల్లగా ఉన్న గింజ కాస్తా పసిడి రంగుకి తిరిగింది! సమేరియం అనే లోహం, గంధకం కలిసిన సమేరియం సల్ఫైడ్ అది. స్క్రూ బిగిస్తే దగ్గరికి నొక్కుకునే రెండు వజ్రాల మొనల మధ్య ఇరుక్కున్న నలుసు.

మామూలు గాలి ఒత్తిడికి సుమారు 6,500 రెట్లు. వజ్రాలకి ఇదో లెక్కా! కానీ దీనికి చాలు. సమేరియం పరమాణువు లోపలి 4ఎఫ్ అనే కక్ష్యలో నక్కిన ఎలక్ట్రాన్లు బయటపడతాయి, కరెంటుని అరకొరగా పోనిచ్చే సెమీకండక్టర్ కాస్తా లోహమైపోతుంది. ఘనపరిమాణం పది శాతానికి పైగా కుంచించుకుపోతుంది. పరమాణువుల అమరిక మాత్రం అదే, మన వంటింటి ఉప్పుదే.

అసలు చిత్రమేంటంటే, ఊరికే పాలిష్ పట్టినా పైపొర ఇలాగే బంగారు రంగుకి మారుతుంది. మరి ఇంత ఖరీదైన సెటప్ ఎందుకంటారా? ఒత్తిడిని కొలవాలి కదండీ.

రేపు కరెంటుకి ఇది ఎంత నిరోధం చూపుతుందో చూడాలి. ఆ నలుసుకి నాలుగు వైర్లు అతికించడం తలుచుకుంటేనే టెన్షన్.