మూడు రోజులు సర్వర్ డౌన్

పని నిన్న సాయంత్రం అయిపోయింది. రసీదు నంబరు వచ్చింది, ప్రింటు తీసి మాస్టారి చేతిలో పెట్టేశాను. అయినా చెవులు ఇంకా మండుతూనే ఉన్నాయి, అందుకే రాస్తున్నాను.

విశాఖ మద్దిలపాలెంలో నాకో నెట్ సెంటరుంది. 2004లో పెట్టాను. గంటకింత అని ఇచ్చి జనం వరసగా కూర్చుని మెయిళ్ళు చూసుకునే రోజులవి. ఇప్పుడు జెరాక్సు, లామినేషను, పాన్ కార్డులు, హాల్ టికెట్లు, యూనివర్సిటీ పిల్లల ఫీజులు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ (సరే, చెప్పుకుంటున్నాను), ఈ వీధిలో నా అంత వేగంగా ఫారం నింపేవాడు లేడు. స్క్రీన్ చూడను. ఎడమ పక్క జాబితాలో ఆరో లైను, అందులో మూడో లింకు, ఓకే, ఓకే, క్యాప్చా. చెయ్యే వెళ్ళిపోతుంది.

ఈ మాస్టారు ఇక్కడి ఒక పెద్ద ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఫ్యాక్టరీ పేరు రాయను, రేపు వాళ్ళ మనిషే జెరాక్సుకి రావచ్చు. ఏటా ఆయనవీ, వాళ్ళావిడవీ మందుల బిల్లులు ఆ సంస్థ సైటులో ఎక్కించాలి. ఒకప్పుడు మా వీధిలోనే అద్దెకుండేవారు, ఇప్పుడు కూర్మన్నపాలెం వెళ్ళిపోయారు. గాజువాకలో నెట్ సెంటర్లు లేవా మాస్టారూ అంటే, "ఉన్నాయి బాబూ, నీ దగ్గరయితే అలవాటు" అంటారు. రెండు బస్సులు మారి వస్తారు.

ఈసారి ఆయన వచ్చేసరికి ఆ సైటు మొత్తం మార్చేశారు. రాత్రికి రాత్రి. ముందురోజు ఉన్న నీలం జాబితా లేదు, పక్కన మిణుకుమిణుకుమనే "కొత్తది" గుర్తు లేదు. పేజీ నిండా ఎవరో తాతా మామ్మా మనవడూ నవ్వుతున్న ఫోటో. ఆ నవ్వు కింద బోలెడు తెల్లటి ఖాళీ. అక్షరాలు లేత బూడిద రంగు, చెరిపేసిన పలకలా.

స్కాన్ చేసి పెట్టుకోవడం, సైజు తగ్గించడం, ఓటీపీ రావడం, వీటిలో ఏ గొడవా లేదు. గొడవంతా లోపలికి వెళ్ళాక. బిల్లులు పెట్టే లింకు ఎక్కడా లేదు. వెనకాల నలుగురు నిలబడ్డారు. ఒకమ్మాయికి హాల్ టికెట్ అర్జెంటు. నా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది:

"సర్వర్ డౌన్ మాస్టారూ. రేపు రండి."

మా వృత్తిలో ఈ మాటకి తిరుగులేదు. భోజనం వేళయినా అదే, ఫారం అర్థం కాకపోయినా అదే, మనిషి నచ్చకపోయినా అదే. ఎవరూ ఎదురడగరు, వర్షం పడుతోందన్నట్టు తలూపి వెళ్ళిపోతారు. నిజంగా ఈ ఊళ్ళో అన్నీ ఒక్కసారిగా డౌనయింది 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను నాడు. ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో జనరేటర్ పెట్టి వీధి వీధంతా ఫోన్లు చార్జింగ్ పెట్టుకోనిచ్చాను. డబ్బులు తీసుకున్నానని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. డీజిలు ఎవడిస్తాడు?

ఆ రోజంతా ఆ సైటు కోసం వచ్చినవాళ్ళ మాటలు విన్నాను. ఒక రిటైర్డ్ మేడమ్ గారు స్క్రీన్ చూసి, "మనిల్లే అనుకుని పక్కింట్లో దూరినట్టుందండీ" అన్నారు. ఇంకొకాయన ఇదంతా నకిలీ సైటు, డబ్బులు కొట్టేస్తారని తేల్చేసి బిల్లులు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన్ని తప్పు పట్టను, రూపు మారితే నమ్మకం కూడా పోతుంది. ఒక కుర్రాడు మాత్రం వాళ్ళ నాన్న పని ఫోన్లోనే చేసేసి, "సూపరుంది అంకుల్, పాతది ఫోన్లో తెరుచుకునేదే కాదు" అన్నాడు. అదీ నిజమే. అప్పుడు ఒప్పుకోలేదు గానీ, నిజమే.

రెండో రోజు పొద్దున్నే, షట్టరు సగం ఎత్తి, ఎవరూ రాకముందు కూర్చున్నాను. పైన మూలలో మూడు గీతలున్నాయి, ఒకదాని మీద ఒకటి, అట్ల దొంతరలా. దాన్ని హాంబర్గర్ అంటారట. 1981లో జిరాక్స్ వాళ్ళ స్టార్ అనే కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీసిన బొమ్మ. ఫోనులో చోటు ఉండదు, మడిచి దాచారంటే అర్థముంది. ఇంత వెడల్పు స్క్రీన్లో, అంత ఖాళీ పెట్టుకుని, దాచడమెందుకు? నూనె కాగుతుండగా పోపుల డబ్బాలో ఆవాల గిన్నె తీసి అటక మీద పెట్టినట్టు.

సరే, లింకు దొరికింది. మాస్టారు వచ్చారు. పద్దెనిమిది బిల్లులు ఒక్కొక్కటే ఎక్కించాను. మధ్యలో టైమ్ అయిపోయిందని బయటికి గెంటేసింది, మళ్ళీ మొదట్నుంచి. చివరికి "సరిచూసుకోండి" అని ఒక డబ్బా పైకి లేచింది. అందులో బిల్లుల పట్టిక ఉంది, మొత్తం ఉంది. పంపించే బటన్ లేదు. మౌసు చక్రం తిప్పితే డబ్బా కదలదు, వెనకున్న మసక పేజీ కదులుతుంది. ఎంటర్ కొట్టాను, ట్యాబ్ కొట్టాను, బ్రౌజర్ మార్చాను. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే కాష్, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత పేజీల సరుకు, క్లియర్ చెయ్యమన్నాడు. తొందరలో కాష్‌తో పాటు నేను సేవ్ చేసుకున్న పాస్‌వర్డులన్నీ క్లియర్ చేసుకున్నాను. హెల్ప్‌లైన్ చెప్పింది చేసేముందు అందులో ఏయే టిక్కులున్నాయో చూసుకోండి, ఇది నా ఏడుపు.

"సర్వర్ స్లోగా ఉంది మాస్టారూ. రేపు."

"రేపు ఆఖరి రోజు బాబూ."

మూడో రోజు ఆయన పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. మధ్యాహ్నం మూడయింది. నేను అదే డబ్బా ముందు కూర్చుని, "ఇంకా లేవలేదండీ సర్వరు" అంటున్నాను. సరిగ్గా అప్పుడే మొన్నటి మేడమ్ గారు ఏదో జెరాక్సుకి వచ్చారు. నా మాట విని, చాలా మామూలుగా, "సర్వర్ బానే ఉందండీ, మా అమ్మాయి నిన్న మధ్యాహ్నమే ఫోన్లో పెట్టేసింది" అన్నారు.

కొట్లో ఆరుగురున్నారు. ప్రింటర్ కూడా ఆ క్షణానే ఆగిపోయింది. మాస్టారు నన్నేమీ అనలేదు. ఆయన రెండు రోజులు రెండేసి బస్సులు మారి వచ్చి వెళ్ళారు. అరిచి ఉంటే బాగుండేది. నేను కూడా ఫోన్లో చేసి చూడొచ్చు కదా అని ఇది చదివేవాళ్ళు అనుకుంటారు. ఇరవై ఏళ్ళ నెట్ సెంటరు పెట్టుకుని ఫోన్లో చెయ్యడమా అని నాకే లోపల అడ్డం.

ఆయన లేచి వచ్చి నా వెనక నిలబడ్డారు. కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్ వైపు వంగారు. కంప్యూటర్ ముట్టుకోని మనిషి.

"ఈ డబ్బాకి పైన గీతుంది. ఈ పక్కా ఆ పక్కా గీతుంది. కింద గీతేది బాబూ?"

చూశాను. నిజమే, కింద గీత లేదు.

"బొమ్మ అవకుండా షీటు అయిపోనాది. స్కేలు తగ్గించి గీయరాదేటి?"

కంట్రోల్ నొక్కి మైనస్ కొట్టాను. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి డబ్బా అడుగు స్క్రీన్లోకి వచ్చింది. కింద గీత, దాని మీద బూడిద రంగులో రెండు బటన్లు. నా మానిటరు పాతది, 1366 బై 768 చుక్కలది. ఆ సైటు గీసినవాడిది ఎంత పెద్దదో.

రాత్రి మా మేనల్లుడికి ఫోన్ చేశాను. రుషికొండ ఐటీ హిల్స్‌లో చేస్తాడు, ఇలాంటివి గీసే పనే. వీటికి ప్రపంచమంతా ఒప్పుకున్న నియమాలున్నాయట. మామూలు అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా కనీసం 4.5 కి 1 ఉండాలి, టైమ్ అయిపోయేముందు చెప్పి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. మరి ఎందుకు చెయ్యరురా అంటే నవ్వాడు. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు స్టార్ట్ బటన్ తీసేస్తే నా కొట్లో ఎంతమంది తిట్టారో, మరుసటి ఏడాది 8.1లో మళ్ళీ ఎలా తెచ్చి పెట్టారో వాడికి గుర్తుచేశాను. ఇంగ్లీషు వికీపీడియా 2023 జనవరిలో రూపం మార్చినప్పుడు పాత రూపం కావాలన్న సభ్యులకి సెట్టింగుల్లో దాన్ని ఉంచారని వాడే చెప్పాడు. మన సంస్థకి ఆ పాటి బుద్ధి లేకపోయింది. కొత్త సైటు కట్టుకోండి, వద్దనలేదు. నాలుగు నెలలు పాత గుమ్మం తెరిచి ఉంచితే ఎవరి సొమ్ము పోయింది? అదీ ఆఖరి తేదీకి మూడు రోజుల ముందా మార్చడం?

ఇదంతా రాసి వాళ్ళకే పంపుదామని "మీ అభిప్రాయం" నొక్కాను. అదీ అలాంటి డబ్బాలోనే తెరుచుకుంది. కంట్రోల్, మైనస్ కొట్టి పంపాను.

నిన్న మాస్టారు ఎంతయిందని అడిగితే వద్దన్నాను. రసీదు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. మెట్లు దిగుతూ ఆగి, "ఈసారి సర్వరు పడిపోతే నాకు ఫోన్ చెయ్యి బాబూ, వచ్చి సూస్తాను" అన్నారు. నవ్వుతూ అన్నారో లేదో తెలీలేదు. నేను అప్పటికే జెరాక్సు మిషన్ వైపు తిరిగిపోయాను.