ఆలస్యంగా చేరితే హాజరు లెక్క ఎలా?

"అక్కా, నేను చేరేసరికి ఎముకల క్లాసులు చాలావరకు అయిపోయాయట. ఆ రోజులన్నీ నాకు ఆబ్సెంటేనా?"

స్ట్రే రౌండ్‌లో, అంటే మిగిలిపోయిన సీట్లకు చివర్లో జరిపే కౌన్సెలింగ్‌లో, ఎంబీబీఎస్ సీటొచ్చిన జూనియర్ ఈరోజు అడిగింది. చేతిలో కొత్త ఆప్రాన్, ఇంకా మడత కూడా విప్పలేదు. మొహం నిండా టెన్షన్.

థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు లేకపోతే యూనివర్సిటీ పరీక్ష రాయనివ్వరు. ఫస్టియర్ గట్టెక్కడానికి ఉన్నవి 4 అవకాశాలే. రూల్ మంచిదే, కాదనను. డిసెక్షన్ హాల్లో నిలబడకుండా అనాటమీ రాదు.

కానీ కౌన్సెలింగ్ ఆలస్యమైతే ఆ భారం పిల్లల మీద వేయడం అన్యాయం. హాజరు ఏ తేదీ నుంచి లెక్కిస్తారో అడ్మిషన్ రోజే రాసివ్వాలి. జరిగిపోయిన క్లాసులు మళ్లీ చెప్పాలి.

రేపు తనతో పాటు అకడమిక్ సెక్షన్‌కి నేనూ వెళ్తున్నాను.