గ్లాస్గోలో చదువు, పరిచర్య, ఆరోగ్యం: నా అనుభవం

బాపట్ల నుండి బ్రిటన్‌లో భాగమైన స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు ఎం.ఎస్సీ. చదవడానికి వెళ్లాలనుకున్నప్పుడు, ఆరోగ్యం సంగతి వీసా దరఖాస్తుతోనే మొదలైంది. బ్రిటన్‌లో ఆరు నెలలకు మించి ఉండబోయే భారతీయులు క్షయ లేదన్న ధ్రువపత్రం చూపాలి కాబట్టి, హైదరాబాదులో గుర్తింపు ఉన్న క్లినిక్‌లో ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నాను. తరువాత ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌ఛార్జ్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యసేవ కోసం వీసాతోపాటు కట్టే రుసుము. విద్యార్థులకు అది ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది కోర్సుకిచ్చే వీసా గడువు ఏడాది దాటి మరికొన్ని నెలలు ఉంటుంది గనుక, వాటికి సగం రుసుము కలిపి మొత్తం 1,164 పౌండ్లు ముందుగానే కట్టాల్సి వచ్చింది. నాన్నగారు ఆ అంకెను రూపాయల్లోకి మార్చి చాలాసేపు మాట్లాడలేదు. అంత కట్టి కూడా మనవాళ్లు చాలామంది జ్వరం వచ్చేదాకా జీపీ (ఇంటి దగ్గరి కుటుంబ వైద్యుడు) దగ్గర పేరు నమోదు చేసుకోకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

నేను గది దొరికిన వెంటనే ఆ పని పూర్తి చేసుకున్నాను. స్కాట్లాండ్‌లో 2011 నుండి డాక్టరు రాసిన మందులకు డబ్బు తీసుకోరు, చిన్నపాటి జబ్బులకైతే ఫార్మసిస్టే చూసి మందిస్తారు. అయితే మన మెడికల్ షాపులో అడిగినట్టు యాంటీబయాటిక్ అడిగితే ఇవ్వరు. సూపర్‌మార్కెట్‌లో పారాసిటమాల్ పెట్టెలో 16 మాత్రలకు మించి ఉండవు.

నవంబరులో నన్ను ఇబ్బంది పెట్టింది చలికన్నా చీకటే. డిసెంబరులో అక్కడ ఉదయం ఎనిమిదిన్నర దాటాక తెల్లవారి, నాలుగు గంటలు కాకముందే పొద్దు గుంకుతుంది. బాగా నిద్రపోయినా అలసట తీరక, మెట్లెక్కితే కాళ్లు లాగుతుంటే జీపీ రక్తపరీక్ష చేయించి, విటమిన్ డి బాగా తగ్గిందని చెప్పారు. అక్టోబరు నుండి మార్చి వరకు అందరూ రోజుకు 10 మైక్రోగ్రాములు తీసుకోవాలనీ, మనలాంటి నల్లని చర్మం గలవారు ఏడాది పొడవునా తీసుకోవడం మంచిదనీ అక్కడి ఆరోగ్యశాఖ చెబుతుంది. ఇంటి నుండి తెచ్చుకున్న గోంగూర పచ్చడి దానికి పనికిరాదు మరి.

నేను వెళ్లే క్రైస్తవ సంఘంలో (చర్చిలో) వారానికోసారి పేదలకు వేడి భోజనం పెడతారు, అందులో వంటగది పరిచర్యకు చేరాను. జీతం లేకపోయినా ఉద్యోగి చేసినట్టు నిర్ణీత బాధ్యతలతో చేసే పని విద్యార్థి వీసాలోని వారానికి 20 గంటల పరిమితిలోకి వస్తుంది కాబట్టి, నాది కేవలం స్వచ్ఛంద సహాయమేనని యూనివర్సిటీలో అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకున్నాను. వంటగదిని చూసే పెద్దావిడ సూపును మళ్లీ వేడి చేసిన ప్రతిసారీ గిన్నె నడుమ థర్మామీటరు గుచ్చి, 82 డిగ్రీలు చూపేదాకా గరిటె ముట్టనివ్వరు; అది స్కాట్లాండ్ చట్టంలో ఉన్న అంకె. చలికాలంలో వాంతులు, విరేచనాలు విద్యార్థుల హాస్టళ్లలో ఒకరినుండి ఒకరికి పాకుతాయి. నాకూ వచ్చి తగ్గాక మర్నాడే ఆప్రాన్ కట్టుకోబోతే, లక్షణాలు ఆగి 48 గంటలు నిండితే తప్ప ఆహారం ముట్టకూడదని ఆవిడ నన్ను సున్నితంగా ఇంటికి పంపించారు. మన సంఘాల్లో ప్రేమవిందులు (సంఘమంతా కలిసి తినే భోజనాలు) వండేవారికి కూడా ఈ నియమం చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

అన్నిటికన్నా కష్టమైనది విశ్రాంతి. ఇంటి దగ్గర ఆదివారమంటే ఆరాధన, భోజనం, నిద్ర. అక్కడ ఉదయం కుర్చీలు సర్దడం, ఆరాధన, పిల్లల తరగతి, సాయంత్రం తెలుగు కుటుంబాల ప్రార్థన కూటమి, ఆపైన సోమవారానికి ఇవ్వాల్సిన అసైన్‌మెంటు. దాంతోపాటు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఇంట్లో అలవాటు ప్రకారం సాయంత్రం వరకు ఉపవాసం మొదలుపెట్టేసరికి ల్యాబులో కళ్లు తిరిగాయి. అమ్మ ఫోనులో ప్రార్థన చేసి, “మందు కూడా వేసుకోరా నాన్నా” అంది. మా ఇంట్లో ఈ రెంటికీ ఎప్పుడూ తగవు లేదు.

అక్కడి పాస్టరుగారితో చెప్పుకుంటే, బైబిలులో బదరీవృక్షం కింద చావు కోరుకుంటూ పడుకున్న ప్రవక్త ఏలీయాను దేవదూత మొదట లేపి తినిపించాడనీ, అతడు మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి తినమన్నప్పుడే ప్రయాణం మాట ఎత్తాడనీ గుర్తుచేశారు. ఆ వారమే పిల్లల తరగతిని మరొకరికి అప్పగించాను. ఉపవాసం శుక్రవారానికి కుదించి, ఆ రోజు ల్యాబు పని పెట్టుకోలేదు. శనివారం మధ్యాహ్నం వెలుతురు ఉండగానే కెల్విన్ నది వెంబడి నడిచి వచ్చి, పుస్తకం తెరవకుండా పడుకునేవాణ్ణి. వేసవిలో డిసర్టేషన్ మొదలయ్యాక వంటగదికి వారం విడిచి వారం వస్తానని ముందుగానే చెప్పాను. పెద్దావిడ గోడమీది కాగితంలో నా పేరు కొట్టేసిన చోట్ల వేరే పేర్లు రాసి, సూపులోకి క్యారెట్లు తరగమని నా చేతికి కత్తి ఇచ్చారు.