నలభైలో సున్నా

సంక్రాంతికి వచ్చి, ఇంకో వారం ఊళ్లోనే ఉండి పని చేస్తానని మ్యూనిక్ ఆఫీసును ఒప్పించాను. అమలాపురం దగ్గర మా ఊరు. చలికాలంలో జర్మనీలో పొద్దున తొమ్మిదంటే మనకు ఒంటిగంటన్నర. అందుకని మధ్యాహ్నం దాకా నాన్నతో చేలోనే.

దాళ్వా నాట్లు పడ్డాయి. రాత్రి పెట్టిన నీళ్లు తెల్లారేసరికి మడిలో లేవు. నాన్న గట్టు పొడవునా వంగి చూసుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు. ఎండ్రకాయ బొక్క. "పక్క చేలోకి పోతున్నాయిరా. ఆడెందుకు చెప్తాడు?" అంటూ గడ్డి ఉండ చుట్టి కుక్కి, పైన బురద మెత్తాడు.

నా ఉద్యోగమూ ఇంచుమించు అదే. మా టెస్టులన్నీ వాల్‌గ్రిండ్ అనే టూల్ కింద నడుస్తాయి (అలాగే పలకాలట, మా వాళ్లంతా గ్రైండ్ అనే అంటారు). ప్రోగ్రాం తీసుకున్న మెమరీ తిరిగివ్వకపోతే, అంటే లీకైతే, ఆ సంగతి వాల్‌గ్రిండ్ లాగ్‌లో రాస్తుంది. ఆ లాగులు వెతికి "లీకులు లేవు" అని మెయిల్ పెట్టే షెల్ స్క్రిప్టు (కమాండ్ల చిట్టా) 140 లైన్లు. మా సీనియర్ ఎప్పుడో రాశాడు. నాలుగేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదు. వీసా ఉద్యోగంతో ముడిపడ్డవాడు పెద్దల కోడ్‌లో ఊరికే వేలు పెట్టడు.

ఆ రోజు ఒక టెస్టు విడిగా నడిపితే 'డెఫినిట్లీ లాస్ట్: 40 బైట్స్' అని వచ్చింది. మెయిల్‌లో మాత్రం అంతా శుభ్రం. స్క్రిప్టు తిరగేశాను. లీకు లేని లైన్లు వదిలేద్దామని, '0 బైట్స్' అని ఉన్న ప్రతి లైనునూ గ్రెప్ మైనస్ వి తో (దొరికిన లైన్లను తీసేసే కమాండు) ఏరి పారేస్తోంది. నలభై బైట్స్‌లోనూ చివర '0 బైట్స్' ఉందిగా! 80 పోయినా, 1,200 పోయినా అంతే. సున్నాతో ముగిసే లీకు ఏదీ ఇన్నాళ్లూ మా దాకా రాలేదు.

గ్రెప్‌ను సరిచేసి ఊరుకోవచ్చు. కానీ అసలు లాగ్ చదివే పనే లేదు. లీక్-చెక్ ఫుల్ అని, ఎర్రర్-ఎగ్జిట్‌కోడ్ 1 అని ఆప్షన్లు ఇస్తే, లీకు ఉన్నప్పుడు వాల్‌గ్రిండే 1తో, అంటే ఫెయిలని చెప్పి, ముగుస్తుంది. షెల్‌లో ఒక ఇఫ్ చాలు. మనవి కాని లైబ్రరీల లీకులను పట్టించుకోవద్దని చెప్పడానికి సప్రెషన్ ఫైలు. మొత్తం 11 లైన్లు.

నడిపితే మూడు టెస్టులు ఎర్రబడ్డాయి. ఆ వారమే రిలీజ్. "నిన్నటిదాకా పచ్చగానే ఉన్నాయిగా?" అన్నాడు మేనేజర్. సీనియర్ కూడా కాల్‌లోనే ఉన్నాడు. ఆ గ్రెప్ లైను తెరిచి చూపించాను. ఆయన కాసేపు చూసి, "నాలుగేళ్లయింది కదా, ఒక్కసారైనా నన్నెందుకు అడగలేదు?" అన్నాడు.

ఇక్కడ నెట్ బాగాలేదు, వినపడలేదన్నాను.